అరవై నాలుగు గుడ్డలు, ఒక లైసెన్సు

పద్నాలుగో భాగం

పోయిన వారం మనం వదిలేసి వచ్చేటప్పటికి తోడికోడళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఈ వారం ఆ భాగ్యం లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పాతవాళ్ళు కూడా చదవవచ్చు, సగం మర్చిపోయే ఉంటారు. పెద్దకోడలు బట్టలు కుడుతుంది. చిన్నకోడలు ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. నాలుగేళ్ళుగా ఇద్దరూ కలిసి ఒక లైబ్రరీ తయారు చేశారు. పుస్తకాలుండే లైబ్రరీ కాదు. వీడియో గేములు చేసేవాళ్ళు తెచ్చి తమ ఆటకి తగిలించుకునే తయారు సరంజామా. ఆటలో బొమ్మ పరిగెత్తితే దాని గౌను ఎలా ఊగాలి, కిటికీ తెరిస్తే తెర ఎలా ఉబ్బాలి, తడిసిన దుప్పటి తీగ మీద ఎంత బరువుగా వేలాడాలి, ఇవన్నీ ఆ లైబ్రరీ చూసుకుంటుంది. అందులో కోడ్ చిన్నకోడలిది. ఏ గుడ్డ ఎంత ఒంగుతుందో చెప్పే కొలతలు పెద్దకోడలివి. మొత్తం అరవై నాలుగు గుడ్డలు.

దీన్ని లోకానికి ఉచితంగా ఇవ్వాలన్న దానిలో ఇద్దరికీ పేచీ లేదు. ఏ షరతు మీద ఇవ్వాలన్నదే పేచీ. ఆ షరతులు రాసిన ఫైలునే లైసెన్సు అంటారు. ఎవరైనా తీసుకోనీ, ఏమైనా చేసుకోనీ, అమ్ముకోనీ అని చిన్నకోడలు. తీసుకోనీ, అమ్ముకోనీ, కానీ దానికి మెరుగులు దిద్దినవాళ్ళు ఆ మెరుగుల్ని కూడా తిరిగి అందరికీ ఇచ్చి తీరాలి అని పెద్దకోడలు. ఒక పెద్ద గేముల కంపెనీ లైబ్రరీ మీద మనసు పడి, నెలాఖరులోగా లైసెన్సు సంగతి తేల్చమంది. ఆదివారం కూర్చుని తేల్చుకుందామనుకున్నారు. ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. తరువాతి ఆదివారం పెద్దకోడలికి జ్వరం వచ్చింది. ఇద్దరూ కలిసే నిర్ణయించాలి, ఒకరికి తెలియకుండా ఒకరు వేలు కదపకూడదు అనేది మాత్రం అత్తగారి ఎదుట అనుకున్న మాట.

బుధవారం పొద్దున పదకొండు గంటలకి పెద్దకోడలు చిన్నకోడలికి ఫోన్ చేసింది.

"రా," అంది.

"ఆఫీసులో ఉన్నానక్కా."

"తెలుసు. రా."

చిన్నకోడలు ఒంట్లో బాగాలేదని చెప్పి సగం రోజు సెలవు పెట్టింది. దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక నిజంగానే ఒంట్లో బాగాలేకుండా పోయింది.

కుట్టుషాపు ఒక్క గది. రెండు మిషన్లు, మనిషి నిలువున పడుకోగలిగినంత కటింగ్ బల్ల, ఇస్త్రీకి ఒక మూల, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు మొహమాటపడకుండా ఒక తెర. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని అత్తగారు అక్కడ స్టూలు వేసుకుని హుక్కులు కుడుతూ ఉంటారు. ఆవిడ ఒక వకీలు దగ్గర ముప్పై రెండేళ్ళు దస్తావేజులు టైపు చేసి రిటైరయ్యారు. చేతివేళ్ళకి పని లేకపోతే ఆవిడ నోటికి పని పెడతారని కొడుకులిద్దరికీ భయం. అందుకని హుక్కుల ఏర్పాటు. ఆ కొడుకులిద్దరూ ఇవాళ పొద్దుటినుంచీ ఫోన్లు ఎత్తడం లేదు. ఇంట్లో గాలివాటం తెలిసిన మగవాళ్ళు.

పెద్దకోడలు నీలం గుడ్డ పరిచి చొక్కా చేతులు కత్తిరిస్తోంది. కోపం వస్తే ఆవిడ గొంతు పెరగదు. సుద్దగీత మీద వెంట్రుకవాసి కూడా తప్పకుండా కత్తిరిస్తుంది. ఇవాళ కత్తెర గీత మీద రైలులా పోతోంది. చిన్నకోడలు గుమ్మంలోనే అది చూసి, చెప్పులు విప్పడానికి కావలసినదానికంటే ఎక్కువసేపు తీసుకుంది.

"తొమ్మిది రోజులయింది," అంది పెద్దకోడలు తలెత్తకుండా.

"దేనికక్కా?"

"నన్నడుగుతున్నావా?"

బల్ల చివర పాత ట్యాబ్ ఉంది. దాని తెర మీద లైబ్రరీ పేజీ తెరిచి ఉంది. ఇంక అడగవలసిందేమీ లేదు.

"పాలు వచ్చాయా లేదా అని గుమ్మంలోకి చూసినట్టు రోజూ ఆ పేజీ చూస్తాను. ఎంతమందికి నచ్చిందో అంకె చూసుకుని మిషన్ ఎక్కుతాను. ఇవాళ వేలు కొంచెం కిందకి జారింది. లైసెన్సు అని కొత్త వరస కనిపించింది. పెట్టింది పోయిన వారం సోమవారం. సోమవారం నాకు జ్వరం. మంగళవారం నువ్వే కదా వచ్చి మాత్ర వేసి, తల నొక్కి వెళ్ళావు?"

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? నేను మంచం దిగాకా, పూర్తిగా మంచం పట్టాకా?"

"అడిగితే నువ్వు వద్దంటావు."

"అందుకని అడగలేదు. బాగుంది. మా ఆయన కూడా ఇదే పని చేస్తాడు. ఆ ఇంటి రక్తంలో ఉందనుకున్నాను. నీకెలా అంటుకుంది?"

"నన్ను లాగకండి," అన్నారు అత్తగారు కిటికీ దగ్గరినుంచి.

"లాగలేదత్తయ్యా. మీ పక్కనుంచి వెళ్ళాం, అంతే."

చిన్నకోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. దొరికిపోయినవాళ్ళకి రెండు దారులు, ఏడవడం, ఎదురుతిరగడం. ఆవిడకి ఏడుపు చేతకాదు.

"అయితే విను. తిరిగివ్వాలి అని నువ్వు షరతు పెడితే కంపెనీల వకీళ్ళు మన గుమ్మం కూడా ఎక్కరు. టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెలున్నాయే, వాటికి గేము చేసేవాళ్ళు లోపలి కోడ్ ఎవరికీ చూపించకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. మన షరతేమో చూపించి తీరాలంటుంది. ఇంక వాళ్ళు మనల్నెందుకు ముట్టుకుంటారు? ఎవరూ వాడని లైబ్రరీ ఎవరూ తొడుక్కోని చొక్కా. హేంగర్‌కి అందం."

"ఇప్పటికే రెండు వందలమంది వాడుతున్నారన్నావు."

"వాళ్ళు చిన్నవాళ్ళక్కా. ఇంట్లో కూర్చుని సరదాకి చేసుకునేవాళ్ళు."

"మనం ఎక్కడ కూర్చుని చేశాం?"

చిన్నకోడలు బల్ల మీది దారపుకండె తీసి అటూ ఇటూ దొర్లించింది.

"సరే, పెద్దవాడే తీసుకున్నాడనుకో. నా మఖ్మల్ తీసుకున్నాడు. నేను పొడి మఖ్మల్ కొలిచాను. వాడు దాన్ని తడిపి కొలుస్తాడు, కాల్చి కొలుస్తాడు, చింపి కొలుస్తాడు. వాడికి నలభైమంది పనివాళ్ళు. అవన్నీ తన దగ్గరే దాచుకుంటాడు. రెండేళ్ళు పోయాక అందరూ వాడి మఖ్మలే మఖ్మల్ అంటారు. మన దగ్గరున్నది పాత గుడ్డ. నేను కొన్న గుడ్డ, నేను కోసిన ముక్క, నేను వేసిన లెక్క. దాని మెరుగు చూడాలంటే నేనే వాడి గుమ్మంలో నిలబడాలి."

"నువ్వు ప్రతిదీ ఆ షాపుతోనే పోలుస్తావు."

ఆ మాట అనకుండా ఉండవలసింది. పెద్దకోడలు ఈ షాపు పెట్టకముందు పదకొండేళ్ళు ఊళ్ళో పెద్ద కుట్టుషాపులో కటింగ్ చేసింది. లావాటివాళ్ళకి, గూనివాళ్ళకి, ఒక భుజం దిగినవాళ్ళకి, ఒక్కొక్క ఒంటికి ఒక్కొక్క నమూనా కాగితం తనే కత్తిరించింది. నూట నలభై కాగితాలు. మానేస్తానన్న రోజు యజమాని వాటిని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. షాపులో కూర్చుని చేసినవి షాపువే కదమ్మా అన్నాడు. ఎప్పుడో చేరిన రోజున చదవకుండా పెట్టిన సంతకం ఒకటి చూపించాడు. ఆ తరువాత గూని ఉన్న ఒక పెద్దాయన ఆవిణ్ణి వెతుక్కుంటూ ఈ షాపుకి వస్తే, ఆయన కాగితం మళ్ళీ మొదటినుంచీ గీయవలసి వచ్చింది. ఈ షాపులో బీరువా లేకపోవడానికి కారణం అదే. అన్నీ బల్ల కింద అట్టపెట్టెలో ఉంటాయి. ఎవరడిగినా గీసుకోనిస్తుంది.

"తాళం వేసేటప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నాడు," అంది పెద్దకోడలు. "నీలాగే. మాత్ర వేసేటప్పుడు నువ్వూ నవ్వావు."

"అక్కా, నన్ను వాడితో కలపకు."

"నువ్వే వెళ్ళి కలిశావు. ఈసారి బీరువా ఇంకోడిది, తాళం నువ్వు కొనిచ్చావు."

చిన్నకోడలి మొహం ఎర్రబడింది. "నాలుగేళ్ళక్కా! ఆఫీసునుంచి వచ్చి, వంట చేసి, ముప్పై వేల వరసలు రాశాను. చెయ్యి వాచిపోతే ఎడంచేత్తో మౌస్ పట్టుకున్నాను. నా ఆఫీసులో నేనేం చేస్తానో ఎవరికీ పట్టదు. ఒక్కసారి, ఒక పెద్ద గేము మొదలయ్యేటప్పుడు తెర మీద మన లైబ్రరీ పేరు పడుతుందన్నారు. అది చూడాలనుకోవడం తప్పా? ముప్పై వేల వరసలు నేను రాస్తే నువ్వేం చేశావు? డబ్బా మీద గుడ్డ కప్పి మడతలు లెక్కపెట్టావు!"

కత్తెర ఆగింది.

బయట బస్సు ఎవరికోసమో హారన్ కొట్టి వెళ్ళిపోయింది. అత్తగారు హుక్కు మీదనుంచి కళ్ళజోడు పైకి ఎత్తి చూశారు.

"అవును," అంది పెద్దకోడలు. గొంతు మామూలుగానే ఉంది. అదే భయం. "లెక్కపెట్టాను. ముప్పై సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోసి, బోర్లించిన డబ్బా మీద నడిమధ్యకి వేసి, పైన బల్బు పెట్టి, కింద నేల మీద పడ్డ నీడ చుట్టూ సుద్దతో గీసి లెక్కపెట్టాను. ఒక్కో గుడ్డకి ముప్పైసార్లు. కొత్త దుప్పటికి ముప్పై, వందసార్లు ఉతికిన దుప్పటికి ముప్పై. వందసార్లు ఉతికిన దుప్పటి బజార్లో దొరకదు. ఉతకాలి. ఎవరుతికారు?"



"నలభై రెండు నావి," అన్నారు అత్తగారు. "రికార్డు కోసం చెబుతున్నాను."

"నీ ముప్పై వేల వరసలకి గుడ్డ అంటే ఏమిటో తెలుసా? నీకూ నాకూ, అన్నం అని రాసినవాడికీ అన్నం తిన్నవాడికీ ఉన్నంత తేడా. నా అంకెలు తీసేసి ఆడించు చూద్దాం నీ బొమ్మని. రేకు గౌను తొడుక్కున్నట్టు పరిగెడుతుంది." బల్ల మీదున్న చొక్కా చేతిని తీసి మడిచి పక్కన పెట్టింది. "ఒక్కటి చెప్పు. ఆ లైసెన్సులో హక్కుదారుగా ఎవరి పేరు రాశావు?"

ఒప్పుకోవడానికీ, అబద్ధానికీ మధ్య ఇంకో దారి ఉంది. దాన్ని పొగరు అంటారు. చిన్నకోడలు అటే వెళ్ళింది.

"నాది. కోడ్ రాసింది నేను కాబట్టి నా పేరే పెట్టాను."

పెద్దకోడలు తల ఊపింది. ఏదో కొలత సరిపోయినట్టు ఊపింది.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి," అన్నారు అత్తగారు.

"అది కాగితం కాదత్తయ్యా, ఫైలు."

"చదవడానికేగా. ఏదైతేనేం?"

ట్యాబ్ అందుకుని, అక్షరాలు పెద్దవి చేయించుకుని, అత్తగారు మొదటినుంచీ చదవడం మొదలుపెట్టారు. లైసెన్సులనేవి పుట్టినప్పటినుంచీ వాటిని మొదటినుంచీ చదివిన మనిషి బహుశా ఆవిడే. పెదవులు కదులుతున్నాయి. మధ్యమధ్య మెచ్చుకోలుగా ఊ కొడుతున్నారు.

"ఇరవై వరసలు లేవు. అందులో ఐదు దానం, మిగతావన్నీ మాకేం సంబంధం లేదు అనడం. వాడుకో, మార్చుకో, అమ్ముకో, కానీ ఇల్లు కూలితే నన్ను పిలవకు. బాగా రాశాడు. మా వకీలుగారైతే ఇదే ముక్కకి పద్నాలుగు పేజీలు కొట్టించేవారు."

"అందరూ వాడే లైసెన్సే అత్తయ్యా అది," అంది చిన్నకోడలు, కొంచెం ఊపిరి వచ్చి.

"సరేగానీ, ఈయనెవరు?"

"ఎవరు?"

"ఈయనే. పైన సంవత్సరం పక్కన హక్కుదారు అని రాసి ఉంది. మగమనిషి పేరు. మధ్యలో రెండు పొడి అక్షరాలున్నాయి. మన ఇంటిపేరు కాదు, మీ పుట్టింటివారిదీ కాదు. సంవత్సరం కూడా ఐదేళ్ళ కిందటిది. అప్పటికి ఈ లైబ్రరీయే లేదు కదా?"

చిన్నకోడలు ట్యాబ్ లాక్కుంది. చూసింది. తెర మీద వేలితో తుడిచి మళ్ళీ చూసింది. పేరు చెరగలేదు.

"ఏమయింది?" అంది పెద్దకోడలు.

"ఆ ఫైలు ఎవరూ కూర్చుని రాయరక్కా," అంది చిన్నకోడలు. "ఎవరిదో ఒకరి లైబ్రరీలోంచి కాపీ చేసుకుని, పైన పేరూ సంవత్సరమూ మార్చుకుంటారు. లోకమంతా అంతే చేస్తుంది. నేను సోమవారం భోజనాల టైములో, అటూ ఇటూ చూస్తూ, గబగబా చేశాను. కాపీ చేశాను. ఈలోగా మా మేనేజర్ పిలిచాడు. పేరు మార్చాననే అనుకున్నాను."

"అంటే?"

"అంటే మన లైబ్రరీ ఎవరిదని అడిగితే, తొమ్మిది రోజులుగా మనమే ఆయన పేరు చెబుతున్నాం."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నవ్వితే కోపం పోతుందేమోనని భయపడి ఆపుకుంది. తొమ్మిది రోజుల కోపం, అంత తేలిగ్గా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

"నా పేరు లేదని నేను రగిలిపోతున్నాను. నీ పేరుందని నువ్వు గొంతు చించుకుంటున్నావు. చివరికి ఇద్దరివీ లేవు. దొంగతనం చేసినా నీటుగా చెయ్యాలి కదే. దొంగసొమ్ము పక్కింటివాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చావు."

"దొంగతనం అనకు."

"మరేమంటారు దీన్ని? మీ భాషలో ఏదైనా మంచి మాట ఉందా?"

"ఉండండి," అన్నారు అత్తగారు. ఆవిడ మళ్ళీ ట్యాబ్ తీసుకుని ఇంకోసారి చదువుతున్నారు. "ఇందులో ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అనే ఉంది. కొలతల మాట లేదు. ఒకాయన ఇల్లు అమ్ముతూ దస్తావేజులో పెరట్లో బావి సంగతి రాయించడం మర్చిపోయాడు. ఇల్లు మాదంటే మాదని ఎవరూ అనలేదు. బావి మీద మాత్రం రెండు తరాలు కొట్టుకున్నాయి. ఆ దస్తావేజు టైపు చేసింది నేనే. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పటికీ నీళ్ళు తాగుతుంటే గుర్తొస్తుంది. మీ అక్క అంకెలు సాఫ్ట్‌వేరా, కాదా?"

చిన్నకోడలు ఒంగి ట్యాబ్ మీద వేలితో చూపించింది. "వేరే ఫోల్డర్లో ఉంటాయత్తయ్యా. వకీలు తలుచుకుంటే సాఫ్ట్‌వేరే అనచ్చు. ఇంకో వకీలు కాదనీ అనచ్చు."

"అయితే కాదనే వకీలు ఎప్పుడూ అవతలివాడికే దొరుకుతాడు. రాయండి. ఇప్పుడే, నా ఎదురుగా. ఇంటికొకటి, బావికొకటి."

అలా నెలరోజులుగా తెమలని సంగతి ముప్పావుగంటలో తెమిలింది. కోడ్‌కి చిన్నకోడలు కోరిన లైసెన్సు. ఎవరైనా తీసుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు. కొలతలకి పెద్దకోడలు కోరినది. ఆవిడ బల్లకి ఆనుకుని నిలబడి చెప్పింది: "తీసుకో. నీ ఆటలో పెట్టుకో. అమ్ముకో. నా గుడ్డని మార్చి కొలిచినా, దాని పక్కన కొత్త గుడ్డ చేర్చినా, ఆ అంకెలు కూడా ఇదే షరతు మీద అందరికీ ఇయ్యి. ఇవ్వనంటే ముట్టుకోకు." ఈ అర్థం వచ్చే లైసెన్సు కూడా లోకంలో తయారుగానే ఉందని చిన్నకోడలు వెతికి చూపించింది. అత్తగారు దాన్ని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చదివి, మీ అక్క నాలుగు ముక్కల్లో చెప్పినదాన్ని వీళ్ళు నాలుగు పేజీలు చేశారని, అయినా తప్పేమీ లేదని సర్టిఫికెట్ ఇచ్చారు.

పేర్ల దగ్గర మళ్ళీ ఆగింది.

"కోడ్ మీద నా పేరు వద్దు. నేను రాయలేదుగా," అంది పెద్దకోడలు.

"అయితే కొలతల మీద నాదీ వద్దు. నేను డబ్బా కూడా ముట్టుకోలేదు," అంది చిన్నకోడలు.

"రెండింటి మీదా ఇద్దరివీ పెట్టండి," అన్నారు అత్తగారు. "కోపంలో ఉన్నప్పుడు పంపకాలు చెయ్యకూడదు. నా కొడుకులకి కూడా చెప్పాను, వాళ్ళు వినలేదు, అందుకే ఉన్న ఒక్క సైకిలూ ఎవరిదో తేలక తుప్పు పట్టింది."

చిన్నకోడలు ఇద్దరి పేర్లూ టైపు చేసింది. పెద్దవారి పేరు ముందు పెట్టింది. రెండుసార్లు చూసింది. అత్తగారికి చూపించింది. అక్కకి చూపించింది. అప్పుడు నొక్కింది.

"ఒక మాట వెనక్కి తీసుకుంటున్నానక్కా."

"ఏ మాట?"

"డబ్బా మాట."

"అది ఉంచుకో. నిజమే కదా, డబ్బా మీదే కొలిచాను. తీసుకోవలసింది ఆ తొమ్మిది రోజులు. తీసుకోగలవా?"

పెద్దకోడలు రెండో చొక్కా చేతికి గుడ్డ పరిచింది. ఇంకా మాటలు కలవలేదు. పని మాత్రం కలిసింది. కొన్ని ఇళ్ళల్లో అంతకంటే ఎక్కువ ఎప్పుడూ కలవదు, అవి కూడా నడుస్తూనే ఉంటాయి.

"ముందే తీసుకున్నవాళ్ళ సంగతేమిటి?" అని అడిగారు అత్తగారు.

"ఈ తొమ్మిది రోజుల్లో నాలుగు వందల పన్నెండుమంది తీసుకున్నారు. కోడ్ వరకూ పరవాలేదు, అప్పుడూ ఇప్పుడూ ఒకటే షరతు. పేరు తప్పు పడిందని ఒక ప్రకటన పెడతాను."

"ఆ కంపెనీ?"

"వాళ్ళు రెండో రోజే తీసుకున్నారు. అంతకుముందు రోజుకి రెండు ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆ తరువాత నాకు ఒక్క ముక్క రాయలేదు. పనిలో ఉన్నారేమో అనుకున్నాను."

పెద్దకోడలి చేతిలో సుద్ద గీత మధ్యలో ఆగింది. "నీకు రాయలేదు. మరి ఎవరికి రాశారు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ రోజంతటిలో అదే మొదటిసారి.

ప్రకటన పెట్టడానికి చిన్నకోడలు పేజీలో సందేహాల విభాగం తెరిచింది. లైబ్రరీ వాడేవాళ్ళు ప్రశ్నలు వేసే చోటు అది. అక్కకి చెప్పలేదన్న గుబులులో నాలుగు రోజులుగా ఆవిడ అటువైపే వెళ్ళలేదు. పై వరసలో కొత్త ఉత్తరం ఉంది. నిన్న సాయంత్రం వచ్చింది. పంపినవారి పేరు చూసి ఆవిడ ట్యాబ్ ఇంకా దగ్గరికి లాక్కుంది. ఆ పేరు మధ్యలో రెండు పొడి అక్షరాలున్నాయి.

"పైకి చదువు," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు చదివింది.

"అయ్యా, లేక అమ్మా. మీరెవరో నాకు తెలియదు. ఐదేళ్ళ కిందట నేను గేముల కోసం ఒక చిన్న లైబ్రరీ చేశాను. జెండా గాలికి ఎలా ఊగాలో చెప్పే లైబ్రరీ. దాన్ని ఎవరూ వాడలేదు. పోయిన వారం ఒక పెద్ద కంపెనీవారు నాకు ఉత్తరం రాశారు. మీ గుడ్డల లైబ్రరీ అద్భుతం అన్నారు. నా భార్యని పిలిచి చూపించాను. లైసెన్సు ప్రకారం కోడ్‌తో మాకు ఇబ్బంది లేదు, కానీ కొలతల మాట అందులో లేదు కాబట్టి వాటికి మాత్రం విడిగా ఒక ఒప్పందం కావాలి, ఇకమీదట ఆ కొలతలు మేము తప్ప ఎవరూ వాడకూడదు, తయారు చేసినవారితో సహా, అన్నారు. నా జెండా కొలతలు ఇంకెవరికి కావాలిలే అనుకుని మొన్న సంతకం పెట్టాను. అందరిలాగే నేనూ సంతకం పెట్టాక చదివాను. అందులో అరవై నాలుగు గుడ్డలని ఉంది. నేను చేసింది ఒక్క జెండా. సందేహం వచ్చి వెతికితే మీ పేజీ కనిపించింది."

చిన్నకోడలు ఆగింది. పెద్దకోడలు బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ వెనక నిలబడింది. మిగతాది తనే చదివింది, ఒక్కో మాటా విడివిడిగా.

"గురువారం పదకొండు గంటలకి కంపెనీ వకీలు రెండో ప్రతి మీద సంతకానికి మా ఇంటికి వస్తున్నారు. ఇవి మీవైతే అంతలోగా నాకు చెప్పండి. కానీ అమ్మా, అయ్యా, నేను ఊరికే ఎలా నమ్మను? మీవే అయితే, వాటి మీద నా పేరు రాసి పెట్టిందెవరు?"